సంచిలో నాలుగు మాత్రలు

ఆ చిన్న జైల్లో తమ నంబరు మర్చిపోయిన ఖైదీలు ఉన్నారేమో గానీ సామాన్లమ్మను మర్చిపోయినవాళ్లు లేరు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ మొదట ఆమె కిటికీ ముందు నిలబడాలి. బయటికి పోయే ప్రతి మనిషీ ఆఖర్న ఆ కిటికీ ముందే నిలబడాలి. బెల్టు, ఫోను, తాళంచెవులు, జేబులో మడిచి పెట్టుకున్న ఫోటో, ఏదైనా సరే ఆమె చేతిలో పెట్టాల్సిందే. వాటిని లోపలున్నది పైకి కనిపించే మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, ముడి మీద నంబరు చీటీ అంటించి, రిజిస్టర్లో జాబితా రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, గోడ పొడవునా ఉన్న ఇనుప అరల్లో పెడుతుంది. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని. అసలు పేరు జీతాల కాగితం మీద ఉంటుంది కాబోలు, నోటితో పిలిచినవాళ్లు మాత్రం లేరు.

ఆమెకు కాస్త పొగరుంది. ఎందుకుండకూడదు, మీరే చెప్పండి? ఉద్యోగంలో చేరిన కొత్తలో, విడుదలైన ఒకాయన కిటికీ ముందే తన బీపీ మాత్రలు లెక్కపెట్టుకుని, ఒకటి తగ్గిందని నానా గొడవా చేశాడు. తగ్గలేదు, ఆయనే తప్పు లెక్కపెట్టాడు. అయినా సామాన్లమ్మకు మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ రోజు నుంచి మాత్రలు కూడా విడివిడిగా లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టింది. "మాత్రల షీటు ఒకటి, పదిలో ఆరు ఉన్నవి" అని గుండ్రటి అక్షరాల్లో రాస్తుంది. వెళ్లేటప్పుడు మళ్లీ లెక్కపెట్టి, "పదిలో ఆరు అప్పగించడమైనది" అని రాస్తుంది. కొత్తగా చేరిన వార్డర్లకు గది చూపించేటప్పుడు గడ్డం కాస్త పైకెత్తి, "ఈ గదిలోంచి ఇప్పటిదాకా ఒక్క మాత్ర పోలేదు" అని చెప్పడం ఆమెకు మహా ఇష్టం.

ఇంట్లో ఆ గడ్డం అంతగా లేవదు. కింద వాటాలో ఆమే ఆయనా, పై వాటాలో మరిదీ తోడికోడలూ. తోడికోడలు మందుల షాపులో పంతొమ్మిదేళ్లుగా కౌంటరు దగ్గర నిలబడుతోంది. డాక్టర్ల కోడిగీతలు చదవడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు, మాట పడకపోవడంలోనూ లేరు. బట్టలారేసే తీగ ఎవరిదన్న విషయం మీద ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మాటల్లేకపోయినా మెట్ల మీద ఎదురైతే ఒకరి చేతిలో బరువుంటే ఇంకొకరు అందుకుంటారు. అదేం లెక్కో వాళ్లకే తెలియాలి.

ఆ సోమవారం పొద్దున టెస్టరును మళ్లీ తీసుకొచ్చారు.

టెస్టరంటే కరెంటు మేస్త్రి. ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన చెయ్యి. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కనక ఆ పేరే స్థిరపడింది. నలభై దాటాయి. మనిషి నెమ్మదస్తుడు. కాకపోతే ఏడాదికి పైగా ఊళ్లోని వైర్లన్నీ రహస్యంగా కాలుతున్నాయని, ఏ క్షణంలోనైనా అంటుకుంటాయని అతనికి గట్టి నమ్మకం. దుకాణాల్లోకి చొరబడి మెయిన్ ఆపేస్తాడు, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాడు. జనాన్ని కాపాడుతున్నానంటాడు. ఈసారి సినిమా హాలు ఫ్యూజులు పీకాడు, అదీ ఆట మధ్యలో. పద్నాలుగు నెలల్లో ఇది ఏడో రాక.

గేటు దగ్గర గుమాస్తా ఫారం నింపుతూ వరసలో అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగాడు. "బీపీ? షుగరు? పిచ్చీ గిచ్చీ ఏమన్నా ఉందా?"

వరసంతా కిసుక్కున నవ్వింది. టెస్టరు తల అడ్డంగా ఊపాడు. గుమాస్తా "లేదు" అని టిక్కు కొట్టాడు. ఆ గడిలో "ఉంది" అని టిక్కు పడగా చూసినవాళ్లు ఆ జైల్లో లేరు. పదిమంది ముందు అలా అడిగితే మీరు మాత్రం అవునంటారా?

"రా మేస్త్రీ, రా. అవేనా, కొత్తవేమన్నా ఉన్నాయా?" అంది సామాన్లమ్మ కిటికీలోంచి.

"అవేనమ్మా" అని టెస్టరు ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. టెస్టరు, నల్ల టేపు చుట్ట, కటింగ్ ప్లయరు, బెల్టు, మాత్రల షీటు.

అవే కాబట్టి, పాత జాబితా చూసి దించేద్దామని ఆమె రిజిస్టరు వెనక్కి తిప్పింది. కిందటిసారి వచ్చినప్పుడు, "పదిలో నాలుగు ఉన్నవి." వెళ్లినప్పుడు నాలుగు. దానికి ముందు తీసింది. నాలుగు. ఇంకా వెనక్కెళ్లింది. అక్కడా నాలుగే. మొదటి రాకకు వెళ్లింది. వచ్చినప్పుడు నాలుగు, ఇరవై మూడు రోజుల తర్వాత వెళ్లినప్పుడు నాలుగు.

చేతిలో ఉన్న షీటును వెలుతురుకు పట్టి చూసింది. నాలుగు. అదే షీటు. అంచు నలిగిపోయి, వెండి రేకు మీద అక్షరాలు సగం అరిగిపోయి, తడవ తడవకూ ఆమె చేతిలోంచి అతని జేబులోకి, అతని జేబులోంచి ఆమె చేతిలోకి తిరుగుతున్న అదే షీటు.

"మేస్త్రీ, ఇవి రోజూ వేసుకోవాల్సినవి కాదూ?"

"అప్పుడు వేసుకునేవాణ్ణి. మొదటిసారి పట్టుకొచ్చినప్పుడు మీరు తీసుకున్నారుగా. ఇరవై రోజులు లేకుండా ఉంటే, ఇక అవి ఎందుకో గుర్తురాలేదు" అన్నాడు మామూలుగా. వేలిముద్ర వేసి వార్డరు వెంట లోపలికి పోయాడు.

సామాన్లమ్మ సంచి ముడి వేయబోయింది. ఆగి, షీటు మీది మందు పేరు చిన్న చీటీ మీద రాసుకుని, అప్పుడు వేసింది.

మర్నాడు సాయంత్రం ఆమె చేసిన పని ఆ ఇంట్లో పదకొండేళ్లలో ఎవరూ చూడలేదు. తనంతట తానే మెట్లెక్కి పై వాటా తలుపు కొట్టింది. ముంగిట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఆమె భర్త కళ్లద్దాలు తీసి, "తుఫాను హెచ్చరికేమన్నా ఉందేమో పేపర్లో చూడాలి" అన్నాడు.

తోడికోడలు చీటీ మీద రాసిన మందు పేరు చూసింది. ముఖంలో వెటకారం పోయింది.

"ఎవరికక్కా ఇది?"

"మా దగ్గరికొచ్చే ఒకతనికి. దేనికది?"

"మనసుకు. లేనివి వినిపించడం, లేనివి కనిపించడం, అలాంటివాటికి. ఉన్నట్టుండి ఆపకూడదక్కా. ఆపితే మొదటికన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. మేం ఒక్కరోజు స్టాకు లేదన్నా ఆ ఇళ్లవాళ్లు కాళ్లావేళ్లా పడతారు. ఎవరాపారు?"

సామాన్లమ్మకు కొత్త వార్డర్లకు తను చెప్పే మాట గుర్తొచ్చింది. ఇరవై నాలుగేళ్లుగా మెడలో వేసుకు తిరిగిన పతకం అది. ఒక్క మాత్ర పోలేదు, ఒక్క మాత్ర పోలేదు. అవి పోవాల్సిన మాత్రలు! మనుషుల కడుపుల్లోకి పోవాల్సినవి! ఆమె వాటిని లెక్కపెట్టి, ముడి వేసి, చీటీ అంటించి, ఎవరికీ అందకుండా కాపాడింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మెట్ల మీదే కూలబడింది.

అక్కడితో ఆగిపోయే మనిషైతే ఈ కథే లేదు. ఆ సిగ్గులోంచే ఎక్కణ్ణుంచో పట్టలేని ఊపొచ్చింది ఆమెకు.

బుధవారం పొద్దున తొమ్మిది కాకముందే సామాన్ల గదిలో అరల ముందు నిచ్చెన వేసింది. సంచులు విప్పకూడదు, రూలు. విప్పక్కర్లేదు, పైకి కనిపిస్తాయి కదా! ఒక్కో సంచినీ కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ కుదిపి, షీటును ప్లాస్టిక్ దగ్గరకు జరిపి, పేరు కూడబలుక్కుని చదివి రాసుకుంది. ముట్టుకోని సంచి లేదు. మొత్తం అరవై ఒక్క సంచులు. యాభై నాలుగేళ్ల మోకాళ్లు నిచ్చెన మీద నానా శాపనార్థాలూ పెట్టాయి, ఆమె వినలేదు. మధ్యాహ్నం ఆ కాగితాన్ని మందుల షాపుకు పట్టుకెళ్లి కౌంటరు మీద పరిచింది.

తోడికోడలు ఎర్ర పెన్ను తీసింది. "ఇది గ్యాసు. ఇది షుగరు. ఇది బీపీ. ఇదిగో ఇదీ, ఇదీ మనసుకే. ఇదీ. అమ్మో, ఇదీనా? ఇంకా ఉందా?" టిక్కులు పడుతున్నకొద్దీ ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి. దగ్గుమందు కోసం వచ్చినాయన తన దగ్గు మర్చిపోయి టిక్కులు లెక్కపెట్టాడు. పంతొమ్మిది!

"మీ జైలు లెక్కలో ఎంతమందున్నారక్కా ఇలాంటివాళ్లు?"

"సున్నా" అంది సామాన్లమ్మ. "ప్రతి నెలా సున్నా. ఆ కాగితం నా కిటికీ పక్కనే అంటిస్తారు."

గురువారం పొద్దున్నే ఆ కాగితంతో పెద్దసారు గదిలోకి దూసుకుపోయింది. పెద్దసారంటే జైలు సూపరింటెండెంటు. చెడ్డమనిషి కాదు. అన్నీ ఫారంలో ఉన్నట్టే ఉన్నాయని నమ్మి ప్రశాంతంగా బతికే మనిషి. టిక్కులు చూసి, కళ్లు నలుపుకుని, మళ్లీ చూశాడు.

"ఇది నిజమేనా?"

"నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా సార్?"

ఆయన సొరుగు లాగి ఒక నోటీసు బయటికి తీశాడు. కొత్తగా వచ్చిన జడ్జిగారు నాలుగు నెలల కిందట గురువారాల బెంచీ ఒకటి మొదలుపెట్టారట. చిన్న చిన్న కేసుల్లో పట్టుబడినవాళ్లకు మనసు జబ్బు ఉన్నట్టు జైలు నుంచి కాగితం వస్తే, జైల్లో పెట్టకుండా వైద్యానికి క్లినిక్‌కు పంపే బెంచీ. "నాలుగు నెలల్లో మన దగ్గర్నుంచి ఒక్క కాగితం పోలేదమ్మా. సున్నా కదా, ఏం పంపాలి? అవసరం లేదని మూసేస్తున్నారు. ఇవాళే ఆఖరు గురువారం. ఒంటిగంట దాకా."

సామాన్లమ్మ గోడ గడియారం వైపు చూసింది. పదింపావు. "టెస్టరు వాయిదా ఎప్పుడు సార్?"

పెద్దసారు జాబితా మీద వేలు జరిపాడు. వేలు ఆగింది. "ఇవాళే. పదకొండున్నర. ఏడోసారి కదా, పెద్ద జైలుకు పంపమని అడుగుతున్నారు. ఆరు నెలలు."

"ఆరు నెలలా! అక్కడా సంచిలో కట్టేస్తారు సార్ మాత్రలు!"

"అరవకమ్మా. నేను సంతకం పెడతాను. కానీ అతను ఒప్పుకోకుండా అతని జబ్బు సంగతి నేను కోర్టుకు రాయకూడదు. సంచి గది దాటాలన్నా అతని సంతకం కావాలి. ఆ రూలు నీకు నేను చెప్పాలా?"

రూలు చెప్పించుకునే రకమా ఆమె! సంచిని చంకలో పెట్టుకుని, రిజిస్టరును గుండెలకు హత్తుకుని, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడుగుపెట్టని ఖైదీల వరండాలోకి వెళ్లింది. అక్కడ కాపలా తాళాలాయనది. పొడుగ్గా, మీసాలతో ఉంటాడు, నడిస్తే తాళాల గుత్తి తొడకు కొట్టుకుంటూ గలగలమంటుంది.

"ఏంటమ్మా, నువ్విక్కడ?" అన్నాడు. విషయం విని పెదవి విరిచాడు. "అన్నీ నాటకాలమ్మా. రెండు తగిలిస్తే వైర్లు కాలడం మానేస్తాయి."

"నోరు ముయ్యి. తలుపు తియ్యి" అంది సామాన్లమ్మ. తీశాడు.

టెస్టరు గోడకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సంచి చూశాడు. "ముడి మీరేసిందే" అన్నాడు తృప్తిగా.

ఆమె నేల మీదే కూర్చుంది. చుట్టుతిప్పి చెప్పడం ఆమెకు రాదు. "మేస్త్రీ, నీ మాత్రలు ఆపింది నేను. తెలిసి కాదు. ఇవి మనసుకట. నువ్వు ఒప్పుకుంటే జడ్జిగారికి చెప్తాం. జైలుకు కాకుండా వైద్యానికి పంపుతారు. ఒప్పుకోకపోతే ఆరు నెలలు పెద్ద జైలు."

టెస్టరు సంచిలోని షీటు వైపు చూశాడు.

"చెప్తే పిచ్చోడంటారు."

"ఇప్పుడేమంటున్నారు?"

"ఇప్పుడు దొంగంటున్నారు" అని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. "ఏడుసార్లూ మీ దగ్గరే ఉన్నాయా ఇవి?"

"నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటి పోలేదు." ఆ మాట అని ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడవకండి. మీరొక్కరే నా సామాన్లు జాగ్రత్తగా చూశారు. మా ఇంట్లో ఉన్నవి ఎవరు పట్టుకుపోయారో కూడా తెలీదు." చెయ్యి చాపాడు. "పెన్ను ఇవ్వండి. వేలిముద్ర వద్దు. సంతకం పెడతాను, నాకు వచ్చు."

పెట్టాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు, కాంట్రాక్టు పని ఒప్పుకున్నట్టు.

కోర్టు వీధికి అవతల పక్కే. టెస్టరును వార్డర్లు నడిపించుకెళ్తుంటే సామాన్లమ్మ వాళ్లను దాటి ముందు పరుగెత్తింది. మెట్ల దగ్గర తోడికోడలు రొప్పుతూ ఎదురైంది. ఫోనులో సంగతి వినగానే షాపు ఓనరు మొహాన అప్రాను పడేసి వచ్చిందట. "నా టిక్కులు నువ్వేం చదివి చెప్తావక్కా? రిజిస్టరిటివ్వు, మోకాళ్లు పట్టుకుని పైకెక్కు" అంది. పోట్లాడే తీరిక లేక సామాన్లమ్మ ఇచ్చేసింది.

కోర్టు హాలు చిన్నది. బెంచీలు సగం ఖాళీ. పెద్దసారు సంతకం పెట్టిన కాగితం చదివి జడ్జిగారు తలెత్తారు. నడివయసావిడ, ముక్కు మీద కళ్లద్దాలు. "డాక్టరు చీటీ ఏది?"

"చీటీ లేదండీ. రిజిస్టరుంది" అంది సామాన్లమ్మ.

ఏడు చోట్ల కాగితం ముక్కలు పెట్టిన రిజిస్టరు జడ్జిగారి ముందుకు వెళ్లింది. జడ్జిగారు ఒక్కో పేజీ తిప్పుతున్నారు. అవతలి వకీలు లేచాడు. "మేడం, మాత్రల షీటు జేబులో ఉన్నంత మాత్రాన జబ్బని ఎలా అంటారు? అది ఎవరిదైనా కావచ్చు. సరే, ఇతనిదే అనుకుందాం. జైల్లో ఉండగా మందులు అందకుండా చేసిందెవరు? జైలువాళ్లు వాళ్ల తప్పు కప్పిపుచ్చుకోడానికి..."

"నేనేనండీ!"

హాలంతా తిరిగి చూసింది. సామాన్లమ్మ నిలబడే ఉంది. "కప్పిపుచ్చడానికి రాలేదండీ. అందకుండా చేసింది నేనే. సామాన్లతో పాటు మందులు కూడా కట్టెయ్యాలని రూలు, కట్టేశాను. నా మీద ఏం రాసుకున్నా రాసుకోండి. ఆ మాత్రల లెక్క మాత్రం ఒకసారి చూడండి. వచ్చినా నాలుగే, పోయినా నాలుగే. ఈ మనిషి ఏడుసార్లు నా ముందు నుంచే పోయాడు, ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి పోయాడు. బెల్టు నిలవడం లేదని రెండు కొత్త చిల్లులు పడ్డాయి, అవి కూడా రాశాను చూడండి."

జడ్జిగారు చూశారు. నిజంగానే రాసి ఉంది.

"మీరేమన్నా చెప్తారా?" అని టెస్టరును అడిగారు.

టెస్టరు పైకప్పు వైపు చూస్తున్నాడు. "మీ నెత్తి మీద ఫ్యాను వైరు ఊడొస్తోందండీ."

వకీలు చేతులు చాచి, చూశారుగా అన్నట్టు నిలబడ్డాడు. జడ్జిగారు కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని పైకి చూశారు. బిళ్ల బంట్రోతూ చూశాడు. వైరు నిజంగానే వేలాడుతోంది. "నెల నుంచీ చెప్తున్నాను" అన్నారు జడ్జిగారు బంట్రోతుతో. తర్వాత టెస్టరుతో, "అది సరే. ఊళ్లో వైర్లన్నీ కాలుతున్నాయని కూడా మీరంటున్నారట?"

టెస్టరు తల దించుకున్నాడు. "కాలుతున్నాయనే అనిపిస్తుందండీ. ఆ మాత్రలు వేసుకున్న రోజుల్లో అనిపించేది కాదు. అది మాత్రం నాకు గుర్తుంది."

జడ్జిగారు పెన్ను తీశారు. "జబ్బు అవునో కాదో డాక్టరు తేలుస్తారు. పంపడానికి నాకీ ఆధారం చాలు. క్లినిక్‌కు రాస్తున్నాను. ఒక్క షరతు. రోజూ మందు వేసుకుంటున్నట్టు చూసే మనిషి సంతకం కావాలి. మీవాళ్లెవరు?"

"ఎవరూ లేరండీ" అన్నాడు టెస్టరు.

పెన్ను ఆగిపోయింది. సామాన్లమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. జైలు ఉద్యోగి పెట్టకూడదని బంట్రోతు గొణిగాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోవాలా! ఆమె దిక్కుతోచక బెంచీల వైపు చూసింది, ఎవరి మొహంలోనైనా జాలి దొరుకుతుందేమోనని.

"నేను పెడతాను" అంది వెనక నుంచి తోడికోడలు.

చెంగుమని ముందుకొచ్చేసింది. "మెయిన్ రోడ్డు మందుల షాపులో ఉంటానండీ. ఇతని గది మా వీధి చివరే. పొద్దున తొమ్మిదింటికి షట్టరు తీస్తాను, నా ఎదురుగా మింగి పోతాడు. రాలేదో, ఇంటికెళ్లి లాక్కొస్తాను. కావాలంటే మా అక్కనడగండి, నేను పట్టుకుంటే వదిలే రకం కాదు."

"బట్టల తీగ విషయంలో పదకొండేళ్లుగా వదల్లేదండీ" అంది సామాన్లమ్మ. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

జడ్జిగారు మొదటిసారి నవ్వారు. సంతకం చేయించుకున్నారు. కళ్లద్దాలు తీసి, "కానీ అమ్మా, ఒక్కరి కోసం ఈ బెంచీ ఉంచమంటే పైవాళ్లు ఒప్పుకోరు. మీ జైల్లో ఇంకా ఎంతమందున్నారు?"

"పద్దెనిమిది మందండీ."

"మాత్రల పేర్లు కాదు. ఒప్పుకున్న మనుషులు కావాలి. ఎంతమందో రాసి తీసుకురండి. ఒంటిగంట దాకా ఇక్కడే కూర్చుంటాను."

పన్నెండూ అయిదు. సామాన్లమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటింది. కారాయన హారను మోగించి తిట్టాడు, ఆమె తిరిగి తిట్టలేదు. అంత తొందరలో ఉంది మరి! వెనక టెస్టరు. అతను సామాన్లు తీసుకోవాలంటే ఎలాగూ జైలుకే రావాలి. ఆ వెనక తోడికోడలు, షాపులోంచి కొత్త షీటు తెప్పించి, డాక్టరు చూడగానే వెయ్యాలంటూ పిడికిట్లో బిగించుకుని.

వరండాలోకి వచ్చాక సామాన్లమ్మకు అసలు చిక్కు తెలిసింది. ఏమని అడగాలి? గుమాస్తా అడిగినట్టు అడిగితే ఏం జరుగుతుందో తెలుసు. కటకటాల వెనక నుంచి మొహాలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

టెస్టరు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. కోర్టు కాగితం పైకెత్తాడు.

"నేను వైర్లోణ్ణి, అందరికీ తెలుసుగా. నేనిప్పుడు పెద్ద జైలుకు పోవట్లేదు. క్లినిక్‌కు పోతున్నా. పిచ్చోణ్ణని రాయించుకోలేదు. మాత్రలేసుకునే మనిషినని రాయించుకున్నా. వేసుకుంటూ ఆపేసినవాళ్లుంటే ఈ అమ్మకు చెప్పండి. నవ్వదు."

మూడో గదిలోంచి ఒక చెయ్యి లేచింది, సగం దాకా. దాని పక్కన ఇంకొకటి. చివరి గదిలో రెండు. సామాన్లమ్మ రాస్తోంది, నంబరు, సంతకం, నంబరు, సంతకం, తోడికోడలు కాగితం కింద అట్ట పెట్టి పట్టుకుంది. పదిహేను. పద్దెనిమిది. కాగితంలో ఉన్నవాళ్లు అయిపోయారు. చేతులు ఆగలేదు! సంచిలో మాత్రలు లేనివాళ్లు లేపుతున్నారు. చీటీ ఉండి కొనలేనివాళ్లు, అమ్మ ఉన్నప్పుడు వేసేదన్నవాళ్లు, ఏదో అవుతోంది గానీ ఎవరికి చెప్పాలో తెలీదన్నవాళ్లు. ఆమె సంచుల్ని లెక్కపెట్టింది గానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఆరు!

"ఇరవై ఆరు!" అని తోడికోడలు కేక పెట్టింది. "పదక్కా, పద!"

పన్నెండూ ముప్పావు. సామాన్లమ్మ కాగితం మడిచి తిరిగింది. వరండా తలుపు దగ్గర తాళాలాయన నిలబడి ఉన్నాడు. తలుపు తియ్యలేదు.

"జరుగు, టైము లేదు."

అతను జరగలేదు. పొద్దున్నుంచి గలగలమంటున్న గుత్తిని గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాడు. ఆ చెయ్యినే నెమ్మదిగా భుజం దాకా ఎత్తాడు.

"మూడేళ్లయిందమ్మా ఆపేసి" అన్నాడు, వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ వినపడకుండా. "ఉద్యోగం పోతుందని."

సామాన్లమ్మ అతని మొహంలోకి చూసింది. అతను జడ్జిగారి లెక్కలోకి రాడు కనక కాగితాన్ని వెనక్కి తిప్పి, అక్కడ చిన్నగా రాసుకుంది.

"రేపు తొమ్మిదింటికి మా షాపుకు రా అన్నా. క్లినిక్‌లో ఏ రోజు ఏ డాక్టరుంటారో చెప్తాను" అంది తోడికోడలు.

తాళాలాయన తల ఊపి తలుపు తీశాడు. ఇద్దరూ కోర్టు వైపు పరుగు తీశారు.